‘అపూర్ సంసార్’: పితృత్వం ఎవరి ఋణం?

విభూతిభూషణ్ బందోపాధ్యాయ ‘అపరాజితో’ నవల ఆధారంగా సత్యజిత్ రాయ్ 1959లో తీసిన ‘అపూర్ సంసార్’లో అపర్ణ ప్రసవంలో మరణిస్తుంది. అపు ఏళ్ల తరబడి కొడుకు ముఖమైనా చూడడు. కాజల్ ఉన్నందువల్లే అపర్ణ లేదని స్నేహితుడు పులుతో అంటాడు. దీన్ని దుఃఖోన్మాదమని సరిపెట్టుకోవడం తేలిక. కాని అందులో ఒక తర్కముంది, అది దోషభూయిష్ఠం. పసివాడు ఆ మరణానికి కారణం కావచ్చు, కర్త కాడు. దుఃఖం ఈ భేదాన్ని చెరిపివేసింది.

సంతానప్రాప్తితో పితృఋణం తీరుతుందని ధర్మశాస్త్రాల మాట. ఆ లెక్కన అపు ఋణవిముక్తుడు. చిత్రం మరో ఋణాన్ని సరిగా అక్కడే మొదలుపెడుతుంది. ఇక్కడ ఋణదాత కొడుకు. తాను రాసిన నవల పుటలను కొండమీదనుంచి గాలికి వదిలిన అపు, కొడుకును అలా వదిలించుకోలేడు.

తిరిగివచ్చిన తండ్రిపై కాజల్ రాయి విసురుతాడు. అపు దండించడు; కర్రెత్తిన తాతనే అడ్డుకుంటాడు. చివరకు, నువ్వెవరని అడిగిన పిల్లవాడికి స్నేహితుణ్ణని చెబుతాడు. దీన్ని బుజ్జగింపుగా చూడటం నాకు సమ్మతం కాదు. జన్మసంబంధం అపును తండ్రిని చేసింది. ఆ పేరుతో పిలిచే అధికారం మాత్రం కాజల్‌దే. కొడుకును భుజాలపై ఎత్తుకొని నడుస్తున్నప్పుడు కూడా అపు ఆ పిలుపును కోరడు.