హృదయదానము

దక్షిణాండమానునందలి ఫెరార్గంజ్ ప్రాంతమున నివసించు గృహస్థు నొకనిని తలచుకొనుడు. ఆతని హృదయము క్షీణించినది, ఔషధములకు లొంగకున్నది. వేరొకరి హృదయమే శరణ్యమని వైద్యులు చెప్పిరి. అందులకై ఆతడు సముద్రము దాటి, సుమారు 1,350 కిలోమీటర్ల దూరమున నున్న చెన్నపట్టణము వంటి నగరమునకు పోయి, అచటనే వేచియుండవలయును. ఏలన, దాత దేహమునుండి వేరుచేసిన హృదయము, చల్లదనమున భద్రపరచినను, సామాన్యముగా నాలుగు గంటలకు మించి నిలువదు.

ఆతడు వేచియున్నది దేనికొరకు? వేరొక యింట సంభవింపబోవు మరణమునకా? కాదు, ఆ దుఃఖమునందును చేయి చాచి యీయగల త్యాగమునకు.

1967 డిసెంబరు 3న కేప్‌టౌన్ నగరమున క్రిస్టియన్ బర్నార్డు ఒక మానవుని హృదయమును వేరొకనికి తొలిసారిగా నమర్చెను. ఆ రోగి 18 దినములు జీవించెను. మన దేశమున, మెదడు మరణించిన మనిషి మరణించినట్లే యని అంగీకరించు శాసనము 1994లో వెలువడెను. ఆ సంవత్సరమే ఆగస్టు 3న, రాజమహేంద్రవరమున జన్మించిన డాక్టరు పనంగిపల్లి వేణుగోపాల్ ఢిల్లీలోని అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థలో ఈ చికిత్సను జయప్రదముగా నొనర్చెను.

ఐనను, మెదడు నశించి యంత్రబలముచే శ్వాస నడచుచున్న బిడ్డ యెదుట నిలిచిన తల్లి, “గుండె యింకను కొట్టుకొనుచున్నదే! ఆత్మ నివసించు చోటును కోసి యిత్తునా?” అని విలపించును. ఆ సందేహము తోసివేయదగినది కాదు. హృదయము ఆత్మకు నిలయమని చెప్పినది మన శ్రుతులే. కాని ఛాందోగ్యోపనిషత్తు దహరవిద్యను బోధించుచు, దేహము ముదిసినను ఆ హృదయాకాశము ముదియదనియు, దేహము హతమైనను అది హతము గాదనియు స్పష్టపరచినది. కత్తికి దొరకునది కండ మాత్రమే. ఆ కండ తన స్పందనమును తానే పుట్టించుకొనును. కావుననే నాడులన్నియు తెగినను క్రొత్త దేహమున కొట్టుకొనును. ఆ చప్పుడొక్కటే జీవుడున్నాడనుటకు సాక్ష్యము గాదు.

పొందినవానికిని సాధన గలదు. శరీరము పరహృదయమును శత్రువుగా నెంచి పోరాడును. ఆ పోరు నణచు మందులను జీవితాంతము వేళ తప్పక సేవింపవలయును. అవి రోగనిరోధశక్తిని తగ్గించును గనుక, అంటురోగములు సోకకుండ జాగరూకుడై, వైద్యులచే తరచు పరీక్ష చేయించుకొనవలయును. దేహము “ఇది నాది కాదు” అని త్రోయుచుండ, ఆతడు “ఇది నా కొకరిచ్చినది” అని ప్రతిదినము స్మరించును.

దధీచి తన యస్థుల నిచ్చిన కథను వినుట సులభము. ఆసుపత్రి వాకిట, శోకవేళ, నిర్ణయించుట దుష్కరము. కావున ఆ భారమంతయు అయినవారిపై మోపక, ఆరోగ్యముగా నున్నప్పుడే మన యభిమతమును ఇంటివారికి తెలిపియుంచుట ధర్మము.