విశ్వాసం గల జంతువు

‘కుక్క విశ్వాసం గల జంతువు.’ తెలుగు బడిలో చదువుకున్నవాళ్ళలో ఈ వాక్యాన్ని పలక మీదో నోటుబుక్కులోనో రాయనివాళ్ళు అరుదు. ముప్పై మూడేళ్ళ ఉపాధ్యాయ వృత్తిలో పిల్లల చేత నేనూ రాయించాను. మా హోసూరు మూడు భాషలు కలిసే చోటు. మా పక్కింటి తమిళులు కుక్కను ‘నన్రి’ ఉన్న ప్రాణి అంటారు. నన్రి అంటే కృతజ్ఞత. వెనక వీధి కన్నడిగులు ‘నియత్తు’ ఉన్న ప్రాణి అంటారు. నియత్తు అంటే నిజాయితీ. మనం విశ్వాసం అన్నాం. దేవుడి మీద మనిషికి ఉండవలసిన దానికీ, అన్నం పెట్టినవాడి మీద కుక్కకు ఉండే దానికీ మన భాషలో మాట ఒక్కటే. మాటలకు కరువు వచ్చి అలా జరిగిందని నేననుకోను.

ఈ మాట గురించి ఇప్పుడు ఆలోచించడానికి కారణం ఉంది. నాకు డెబ్బై ఏడేళ్ళు. నా భార్య పోయి ఆరేళ్ళవుతోంది. కొడుకు బెంగుళూరులో ఉన్నాడు. దూరం నలభై కిలోమీటర్లే, అయినా ఉద్యోగాల రోజుల్లో అది ఆదివారానికి ఆదివారం దాటే దూరం. నాలుగేళ్ళ కిందట వానాకాలంలో ఒక నల్ల కుక్కపిల్ల మా అరుగు మీదికి ఎక్కి, మళ్ళీ దిగలేదు. కర్రిగాడు అని పిలుస్తున్నాను. కుక్కను ‘అది’ అనాలని వ్యాకరణం. మా ఇంట్లో మాత్రం ‘వాడు’. నేను తినే రాగిసంగటే వాడికీ. ఏటేటా పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళి రేబీస్ టీకా వేయిస్తాను. వాడికి తెలుగొక్కటే వచ్చు. పక్కింటావిడ ‘వా, వా’ అని ఎంత ముద్దుగా పిలిచినా చెవి కదపడు. నేను ‘రారా’ అంటే వీధి చివర నుంచి వస్తాడు. పొద్దున లేచింది మొదలు నా నోటి తెలుగు పూర్తిగా వినే ప్రాణి ఇప్పుడు ఈ ఇంట్లో వాడొక్కడే.

ముసలితనంలో జంతువు ఇచ్చే ఊరట ఏమిటని అడిగితే, నాకు తోచినది చెబుతాను. మనల్ని చూడవచ్చేవాళ్ళందరూ ప్రేమతోనే వస్తారు. కానీ షుగరెంత, బీపీ ఎంత, మాత్రలు వేసుకున్నావా అని అడుగుతారు. మనం ఒక మనిషిగా కాక ఒక ఆరోగ్య పరిస్థితిగా మారిపోతాం. చెప్పిన సంగతే మళ్ళీ చెబితే ‘ఇది విన్నాం తాతా’ అంటాడు మనవడు. కర్రిగాడికి ఆ లెక్కలు లేవు. నిన్నటి నేనే ఇవాళ్టి నేను. పెన్షనుదారుణ్ణి కనుక బతికే ఉన్నానని ఏటా సర్కారుకు రుజువు చూపించాలి. వాడికి పొద్దున్నే తలుపు గడియ తీసిన చప్పుడు చాలు.

అయితే ఈ ఊరటకు అభ్యంతరం లేకపోలేదు. చిన్నప్పటి నుంచీ నాతో కలిసి చంద్రచూడేశ్వరుడి కొండ ఎక్కిన స్నేహితుడొకాయన ఉన్నాడు. భాగవతం బాగా చదువుకున్నవాడు. ఇప్పుడు మా ఇద్దరి మోకాళ్ళూ మా భక్తిని లెక్కచేయడం లేదు. కింద నుంచే స్వామికి దణ్ణం పెట్టుకుని కూర్చుంటాం. ఆయన ఒకనాడు కర్రిగాణ్ణి చూసి, ‘ఏమయ్యా, అన్నీ వదులుకోవాల్సిన వయసులో కొత్తగా ఇదొకటి తగిలించుకున్నావు. జడభరతుడి సంగతి మరిచావా?’ అన్నాడు. మా కోడలిది ఇంకో రకం మాట. ‘మామా, మీ ఓపికే అంతంత మాత్రం. రేపు మీకేమైనా అయితే వీడి గతేం కావాలి?’ అని అడిగింది. ఈ రెండు ప్రశ్నలూ వేర్వేరువి. మొదటిది నా పరలోకం గురించి. రెండోది వాడి ఇహలోకం గురించి. వీటిలో ఏది పెద్ద ప్రశ్న అన్నదే నా సందేహం.

భరతుడి కథ పంచమ స్కంధంలోది. తెలుగు భాగవతంలో ఆ స్కంధం పోతన రాసింది కాదు, గంగన రాసింది. రాజ్యం వదిలి, గండకీ తీరాన తపస్సు చేసుకుంటున్న భరతుడు, సింహగర్జనకు బెదిరి ఏరు దూకబోయిన లేడి కడుపులోంచి నీళ్ళలో జారిపడిన పిల్లను తెచ్చి సాకుతాడు. క్రమంగా నియమాలన్నీ జారిపోతాయి. దాని మీదే మనసు పెట్టుకుని ప్రాణం విడిచి, లేడిగా పుడతాడు. పెద్దలు దీన్ని బంధం గురించిన హెచ్చరికగా చెబుతారు. నేను కాదనను. కానీ ఆ పిల్లను ఏట్లో వదిలేసి జపం చేసుకుని ఉంటే ఆయనకు మోక్షం వచ్చేదని ఆ కథ చెప్పదు. భరతుడి ఏకాగ్రతను చెడగొట్టింది దాన్ని పెంచడం కంటే, అది కాస్త కనబడకపోతే ఏమైపోయిందో అన్న బెంగ. ఆ బెంగలో లేడి కంటే ‘నా’ అన్నదే ఎక్కువ. ఇంకో సంగతి. భరతుడు తరువాత ఎన్ని జన్మలెత్తాడో, ఎలా తరించాడో కథ వివరంగా చెబుతుంది. ఆయన పెంచిన ఆ లేడి ఆ తరువాత ఏమైందో చెప్పదు. కుర్రతనంలో నాకు ఆ ప్రశ్నే రాలేదు. ఇప్పుడు అదే ముందు వస్తోంది.

దీనికి ఎదురుగా భారతం ఉంది. తెలుగు భారతాన్ని నన్నయ మొదలుపెట్టిన తీరు చూడండి. జనమేజయుడి యాగం దగ్గర ఏ తప్పూ చేయని కుక్కపిల్లను రాజు తమ్ముళ్ళు కొడితే, దాని తల్లి సరమ వచ్చి రాజును నిలదీస్తుంది. రెండు శతాబ్దాల తరువాత తిక్కన ముగించిన భాగంలో మహాప్రస్థానం వస్తుంది. అక్కడ ధర్మరాజు వెంట చివరిదాకా నడిచింది కుక్క. ద్రౌపదీ తమ్ముళ్ళూ ఒక్కొక్కరే కూలిపోతుంటే ఆగకుండా నడిచిన మనిషి, స్వర్గం గుమ్మం దగ్గర కుక్కను వదలమంటే వదలనన్నాడు. భార్యనూ తమ్ముళ్ళనూ వదిలావు కదా అని ఇంద్రుడు అడిగితే ఆయన చెప్పిన సమాధానం నన్ను పట్టుకుంది. వాళ్ళు చనిపోయారు, వాళ్ళకు నేను చేయగలిగింది లేదు, ఇది బతికి ఉంది, నన్ను నమ్మి వచ్చింది అన్నది దాని సారం. భార్య పోయినవాడికి ఈ మాట ఎంత బరువైందో వేరే చెప్పనక్కరలేదు. పోయిన మనిషికి నేనింక మంచినీళ్ళు కూడా ఇవ్వలేను. పక్కన ఉన్న ప్రాణికి ఇవ్వగలను.

పురాణాల మాట అలా ఉంచి దగ్గరి కాలానికి వస్తే, మా ఊరి నుంచి కృష్ణగిరి మీదుగా బస్సెక్కితే తిరువణ్ణామలై చేరతాం. రమణ మహర్షిని మించి అన్నీ వదులుకున్న మనిషిని మన కాలం చూడలేదు. ఆయన ఆశ్రమంలో లక్ష్మి అనే ఆవు 1948 జూన్ 18న చనిపోతే, చివరి గడియల్లో దాని తల మీద చేయి వేసి కూర్చున్నారు. దానికి మనుషులకు కట్టినట్టే సమాధి కట్టించారు. ఆ పక్కనే ఒక లేడి, ఒక కాకి, ఒక కుక్క సమాధులు కూడా ఉన్నాయి. ఆ రోజుల సంగతులన్నీ సూరి నాగమ్మగారు అక్కడి నుంచి తన అన్నగారికి తెలుగులో లేఖలుగా రాశారు. మహర్షి జంతువుల గురించి మాట్లాడినప్పుడు మనుషుల గురించి మాట్లాడినట్టే మాట్లాడేవారట. ప్రేమకూ వైరాగ్యానికీ పోట్లాట ఉండి తీరాలన్న మాట ఆ సమాధుల దగ్గర నిలబడితే నిలవదు.

ఇక విశ్వాసం సంగతి. కర్రిగాడికి నా పెన్షను తెలియదు. నా గుండె మాత్రల సంగతీ తెలియదు. సంగటి ఎక్కడి నుంచి వస్తుందో వాడికి అక్కరలేదు. వస్తుందని తెలుసు, అంతే. వాడి దృష్టిలో నేను ఎప్పటికీ ఉండేవాణ్ణి. నేను దేవుడి మీద పెట్టుకోవాలని డెబ్బై ఏళ్ళుగా ప్రయత్నిస్తున్న నమ్మకం వాడికి ఏ ప్రయత్నమూ లేకుండానే ఉంది. తేడా ఒక్కటే. నేను నమ్మినవాడు చావులేనివాడంటారు. వాడు నమ్మినవాడికి డెబ్బై ఏడేళ్ళు. మంచి తిండి దొరికే ఇంటికుక్క పది పన్నెండేళ్ళు బతుకుతుంది. వాడికి ఇంకా ఆరేడేళ్ళున్నాయి. నాకు ఎన్నున్నాయో తెలియదు.

అందుకే మా స్నేహితుడి ప్రశ్న కంటే కోడలి ప్రశ్నే పెద్దదని తేల్చుకున్నాను. ముసలితనంలో ఒక ప్రాణి మన మీద ఆనుకోవడం పాపం కాదు. ఆ ఊరట పుచ్చుకుని, దాని రేపటి గురించి ఆలోచించకపోవడమే బాకీ ఎగ్గొట్టడం. వెనక వీధిలో ఒక యువ దంపతులు ఉన్నారు. కర్రిగాడికి వాళ్ళ గుమ్మం కొత్త కాదు. వాళ్ళను అడిగాను, సరేనన్నారు. ఒక నోటుబుక్కులో టీకాల తేదీలు రాశాను. దీపావళి టపాకాయలకు మంచం కింద దూరతాడు, తరమవద్దు అని రాశాను. వాడి తిండికి నెలనెలా కొంత తీసి పెడుతున్నాను. వాళ్ళ పాపకు కొన్ని తెలుగు మాటలు కూడా నేర్పుతున్నాను, ‘రారా’, ‘బువ్వ’, ‘పడుకో’. వాడికి వేరే భాష రాదు కదా.

మన వాళ్ళ ఇళ్ళలో, సోలాపురంలో కానివ్వండి, బరంపురంలో కానివ్వండి, పిల్లలు వలసపోయిన వాకిట్లో ఒక ముసలి ప్రాణం, దాని పక్కన ఒక పిల్లో కుక్కో ఆవో ఉండడం చూస్తూనే ఉంటాం. ఎవరైనా వచ్చి భరతుడి కథ చెబితే వినండి, మంచి కథే. విన్నాక, మీ తరువాత దాని గిన్నెలో ఎవరు బువ్వ పెడతారో కూడా ఆలోచించి పెట్టుకోండి. ఆ ఆలోచన జపానికి అడ్డం రాదు. ఏర్పాటు చేసుకున్న నాటి నుంచి నాకైతే జపం కుదురుగానే సాగుతోంది.