వేషాన్ని బట్టి మాట

మాట మనిషిదా, మనిషి కట్టిన వేషానిదా? ఇదేదో పండితుల తర్కం అనుకుని పేజీ తిప్పేయకండి. మన ఇళ్ళల్లో రోజూ తేలకుండా ఉండిపోయే సంగతే ఇది.

పిల్లలు కంప్యూటర్లో ఆడే ఆటలు ఎప్పుడైనా పక్కన కూర్చుని చూశారా? 2023లో ‘బాల్డర్స్ గేట్ 3’ అని ఒకటి వచ్చింది. ఆట మొదట్లోనే ఒక వేషం ఎంచుకోవాలి. వాళ్ళ భాషలో దాన్ని క్లాసు అంటారు. మొరటు యోధుడు, మంత్రగాడు, పాటగాడు, దొంగ, ధర్మవ్రతం పట్టిన వీరుడు... ఇలా పన్నెండు. ఆ తరవాత దారిలో ఎవరు ఎదురైనా, మనం పలకదగ్గ మాటలు కొన్ని తెరమీద వరుసగా పడతాయి. వాటిలో ఒకటి ఎంచుకోవాలి. తమాషా అంతా ఇక్కడే. పాటగాడికి కనిపించే కొంటె జవాబు యోధుడికి కనిపించదు. వ్రతం పట్టినవాడు వ్రతం తప్పితే వేషమే మారిపోతుంది. 1997 నాటి ‘ఫాలవుట్’ ఇంకా చోద్యం. తెలివి మరీ తక్కువగా పెట్టుకుంటే మన నోట మూలుగులూ, విరిగిన మాటలే వస్తాయి.

ఫలానా మాట అనకూడదని అక్కడ ఎవరూ అడ్డుకోరు. అసలు అలాంటి మాట ఒకటుందనే తెలియనివ్వరు. నన్ను ఆలోచనలో పడేసింది అదే.

మనకీ ఏర్పాటు కొత్తదేం కాదు లెండి. శాకుంతలంలో దుష్యంతుడిది సంస్కృతం, శకుంతలది ప్రాకృతం. విదూషకుడు బ్రాహ్మణుడే, అయినా హాస్యగాడు కాబట్టి ప్రాకృతంతోనే సరిపెట్టుకోవాలి, పాపం!

అంతదూరం ఎందుకు, ఆళ్లగడ్డ దాటి అహోబిలం వెళ్ళండి. చెంచులక్ష్మి సాక్షాత్తూ లక్ష్మీదేవే అంటారు. వైకుంఠంలో ఆవిడ స్వామి పాదాల దగ్గర కూర్చుంటుంది, నోరు విప్పినట్టు ఎక్కువగా వినం. అదే లక్ష్మి నల్లమల అడవిలో చెంచుల ఇంట పుట్టేసరికి, నన్ను చేసుకోవాలంటే నీకు ఏ పనులొచ్చో చెప్పమని నరసింహస్వామినే నిలదీస్తుంది. 1958 సినిమాలో అంజలీదేవి అక్కినేనికి పెట్టిన పరీక్ష మీకు గుర్తుండే ఉంటుంది. దేవత ఒక్కతే, భర్తా ఒక్కడే. మారింది పుట్టిన ఇల్లు. దానితోపాటు మాటా మారింది. చెంచులు ఈనాటికీ ఆ స్వామిని అల్లుడనే అంటారు. అల్లుడు కనక దేవుడైనా సరే జవాబు చెప్పుకోవాల్సిందే.

మరి ఆడపడుచు వేషం మాట ఏమిటి?

నంద్యాలలో నాకు తెలిసిన టీచరమ్మ ఒకావిడ ఉంది. పుట్టిల్లు ఆళ్లగడ్డ దగ్గర పల్లె. ఆవిడ వరండాలో నడిచివస్తే క్లాసులన్నీ గప్‌చిప్. తప్పు లెక్క వేసినవాణ్ణి, వాడు ఎవరి కొడుకైనా సరే, నిలబెట్టి అడుగుతుంది. తండ్రి పోయాక అన్నలిద్దరూ కాగితాలు పట్టుకొచ్చారు. పిత్రార్జితంలో తన హక్కు వదులుకుంటున్నట్టు రాసిన కాగితాలు. చదవకుండానే సంతకం పెట్టింది. ఆవిడకు చట్టం తెలియక కాదు. కూతుళ్ళకు కొడుకులతో సమానంగా వాటా అని మన ఆంధ్రప్రదేశ్‌లో 1986లోనే చట్టం చేశారు. 1985 సెప్టెంబరు 5కు ముందు పెళ్ళయినవాళ్ళకు మాత్రం అప్పట్లో అది వర్తించలేదు. ఈవిడ పెళ్ళి 1990లో. దేశమంతటికీ ఆ హక్కు వచ్చింది 2005లో. ఇదంతా ఆవిడే పిల్లలకు పాఠంగా చెప్పింది కూడా.

“మరి ఎందుకు పెట్టావక్కా?” అన్నాను.

“అన్న ముందర కూచుంటే ఆ మాట నోటికి రాలేదు మే. రావాలని గూడా తోచలేదు.”

ఇక్కడే నాకు పీటముడి పడుతుంది. తోచని మాట అనలేదని మనిషిని తప్పు పట్టడం న్యాయమేనా? పిరికిది అనేస్తే సులువే. కానీ ఆవిడ పిరికిది కాదని బడి మొత్తానికీ తెలుసు. పోనీ, తప్పు లేదందామా? ఆవిడ కూతురు ఆ పూట పక్కనే కూర్చుని చూసింది. చెల్లెలన్నది ఎలా మసలుకోవాలో ఆ పిల్లకు ఆ సంతకంతో నేర్పినట్టే కదా! అన్నలు మటుకు? కాగితాలు తీసేముందు “మా చెల్లెలు బంగారం” అన్నారట. పెద్దన్న వేషానికి ఆ మాట సిద్ధంగా ఉంటుంది. చెల్లెలి వాటా ఇంత అని పంచి ఇచ్చే మాట వాళ్ళ వరుసలోనూ పడలేదు కాబోలు. అయినా వాళ్ళను అంత తేలిగ్గా వదలడానికి నాకు మనసొప్పదు. మాట తోచకపోతే నష్టపడేవారు వేరు, లాభపడేవారు వేరు. లాభపడ్డవాళ్ళకు కాస్త వెతుక్కునే బాధ్యత ఉండాలి.

ఆటలో ఒక సదుపాయం ఉందని ఆవిడకు చెప్పాను. కట్టిన వేషం నచ్చకపోతే నడి ఆటలో ఒక అస్థిపంజరం లాంటి ముసలాయన దగ్గరికి వెళ్ళి, నూరు బంగారు నాణేలు ఇచ్చుకుంటే మార్చేస్తాడు.

“నూరేనా!” అంది. “నేను రెండెకరాలు ఇచ్చుకొని చెల్లెలుగానే ఉండిపోతి గదా.”

నవ్వింది. మిగిలిన పరీక్ష పేపర్ల కట్ట దగ్గరికి లాక్కుంది. కనుమ నాడు పారువేటకు బయల్దేరిన స్వామి పల్లకి వాళ్ళ పల్లెకు ఎప్పుడొస్తుందో అన్నకు ఫోను చేసి కనుక్కోవాలిట.