నలుపూ తెలుపూ మా అమ్మా

అమ్మ పోయిన పదోనాడు మా తమ్ముడూ నేనూ ఫొటో దగ్గర దెబ్బలాడుకున్నాం. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. ఇంటినిండా చుట్టాలు, పెరట్లో వంటవాళ్ళు, అరుగు మీద శాస్త్రిగారు చదువుతున్న సామాన్ల జాబితా. వీటన్నిటి మధ్యా అరవై దాటిన మనుషులం ఇద్దరం వెనకగదిలో తలుపు దగ్గరగా వేసుకుని "అదే పెట్టాలి", "కాదు, ఇదే" అని వాదించుకున్నాం. దండ వేసి గోడకి తగిలించే ఫొటో ఏదన్నదే తగువు.

ఈ రోజుల్లో ఫొటోలకేం కరువనకండి. మనవల సెల్‌ఫోన్లలో అమ్మవి వందలున్నాయి. అన్నిట్లోనూ ఎవరో "నవ్వు మామ్మా" అంటే నవ్వుతున్న మామ్మే. వాటిని ఇద్దరం పక్కన పెట్టేశాం. మిగిలినవి రెండు. రెండూ నలుపు తెలుపులే.

మొదటిది 1958లో ఏలూరులో తీయించింది. అప్పటికి అమ్మకి పద్ధెనిమిదేళ్ళు. సంబంధం వాళ్ళకి పోస్టులో పంపడానికి తాతగారు స్టూడియోకి తీసుకెళ్ళారట. వెనక రాజుగారి మేడమెట్ల తెర, పక్కన ఎత్తు టీపాయి, దాని మీద కాగితప్పూల కూజా, కూజా మీద అమ్మ చెయ్యి. మొహం పున్నమి చంద్రుడే! ఎక్కడా ఒక నీడ లేదు, మచ్చ లేదు. అమ్మ గడ్డానికి ఎడమపక్క మినపగింజంత పుట్టుమచ్చ ఉండేది, అదీ లేదు. అమ్మది నికార్సయిన చామనఛాయ, అదీ లేదు. "ఫొటో చూసి ఒప్పుకున్నాను, మనిషిని చూసి తెల్లబోయాను" అని నాన్నగారు జీవితాంతం వేళాకోళం చేసేవారు. అందరం నవ్వేవాళ్ళం. అమ్మ మాత్రం ఆ మాట వచ్చినప్పుడల్లా వంటింట్లోకి వెళ్ళిపోయేది.

రెండోది 1967లో, ఫాల్గుణమాసంలో, కొల్లేటికోట పెద్దింట్లమ్మవారి జాతరకి నావలో వెళుతుంటే మా చిన్నాన్న తీసింది. ఆగ్ఫా క్లిక్ త్రీ అని ఒక డబ్బా కెమెరా ఉండేది, చాలామంది ఇళ్ళల్లో చూసే ఉంటారు. రీలుకి పన్నెండు బొమ్మలు. "వదినా!" అని పిలిచి, ఆవిడ ఇటు తిరగ్గానే నొక్కేశాడు. అమ్మ నవ్వలేదు. కోపమూ లేదు. గాలికి తలమీది కొంగు జారింది, ఓ చెయ్యి దాన్ని పట్టుకోబోతూ సగంలో ఉంది. పుట్టుమచ్చ ఉన్నచోటే ఉంది. కళ్ళు మాత్రం సూటిగా మనల్నే చూస్తున్నాయి. ఎవరో పిలిస్తే పలకడానికి ఎక్కణ్ణుంచో చాలా దూరంనుంచి వచ్చినట్టు.

అమ్మకి ఆ ఫొటో గిట్టేది కాదు. "రాక్షసిలా ఉన్నాను, పారెయ్యండి" అనేది. తీరా ఆవిడ పోయాక ట్రంకుపెట్టె తెరిస్తే, అడుగున పరిచిన పాత పేపరు కింద దొరికింది.

తమ్ముడు మొదటిదే పెట్టాలంటాడు. నేను రెండోదంటాను.

మా అత్తవారిది తాడేపల్లిగూడెం. అక్కడ మేడమీద స్టూడియో ఉన్న ఒక పెద్దాయన మా మామగారి స్నేహితుడు, మేం స్టూడియో బాబాయిగారు అనేవాళ్ళం. పెళ్ళయి వెళ్ళిన కొత్తలో పిల్లల ఫొటోలకని వెళ్ళి, ఆయన కబుర్లకి అతుక్కుపోయేదాన్ని. నెగెటివ్ మీద నలుపు కాగితం మీద తెలుపవుతుంది కదా, ఆ కిటుకు మీదే ఈ టచింగు విద్యంతా నడిచింది. నెగెటివ్‌కి ఒకరకం వార్నిషు రాసి, సూదిలా చెక్కిన పెన్సిలుతో భూతద్దం కింద చుక్కలు చుక్కలుగా పూస్తారట. పెన్సిలు పడ్డచోటల్లా ప్రింటులో తెల్లబడుతుంది. కంటికింద నీడలు, స్ఫోటకం మచ్చలు, పుట్టుమచ్చలు అన్నీ అలా హరించుకుపోతాయి. "మీ ఆడపిల్లల పెళ్ళిళ్ళన్నీ నా పెన్సిలు ముక్కతో అయ్యాయమ్మా" అని నవ్వేవాడాయన. తర్వాత నవ్వు ఆపి, "ఎన్ని మొహాలు చెరిపేశానో" అన్నాడొకసారి.

బొట్టు సంగతి కూడా ఆయనే చెప్పాడు. పాతకాలపు ఫిల్ముకి ఎరుపు కనపడదుట, కుంకుమబొట్టు కాటుకబొట్టులా నల్లగా పడేది, ఎరుపు పాలున్న మన ఒంటిరంగు ఉన్నదానికన్నా నల్లగా వచ్చేది. తర్వాత అన్ని రంగులూ పట్టే ఫిల్ము వచ్చాక ఎర్రబొట్టు వెలవెలబోవడం మొదలెట్టింది, మళ్ళీ చాదుబొట్టు పెట్టించాల్సొచ్చింది. మనం "నల్లగా పడ్డాను" అని ఏడ్చిన ఏడుపుల్లో సగం ఫిల్ము చేసిన మోసమే అన్నమాట!

1986లో అనుకుంటాను, పుట్టింటినుంచి అడిగి తెచ్చుకున్న మొదటి ఫొటోనీ, చిన్నాన్న దగ్గరున్న రెండోదాని నకలునీ ఆయనకి చూపించాను. మొదటిదాన్ని భూతద్దంతో చూసి మెచ్చుకున్నాడు. "చెయ్యి నిలకడైన మనిషి చేశాడమ్మా. గడ్డం దగ్గర మాత్రం కాస్త ఎక్కువ పూశాడు" అన్నాడు. రెండోదాన్ని పట్టుకుని కిటికీ దగ్గరకి వెళ్ళాడు. చాలాసేపు మాట్లాడలేదు.

"ఎవరు తీశారు?"

"మా చిన్నాన్నండీ."

"మళ్ళీ ఎప్పుడైనా ఇలాంటిది తీశాడా?"

"లేదండీ. ఓ అరడజను రీళ్ళు తగలేసి మానేశాడు."

"తియ్యలేడు" అన్నాడాయన. అప్పుడు వివరించాడు. పొద్దుటి ఎండ ఏటవాలుగా ఓ చెంప మీద పడింది. రెండో చెంప చీకటైపోవాల్సింది, కాని కింద కొల్లేటి నీళ్ళు ఆ ఎండనే పైకి చిమ్మాయి, అందుకని కంటికింద గుంటలో కూడా వెలుగుంది. స్టూడియోలో మేం తెల్లబట్ట కట్టిన చట్రాలు పెట్టి నానా అవస్థా పడతాం ఈ వెలుగుకోసం, అన్నాడు. పైగా చామనఛాయ మొహం. తెల్లటి మొహం మీద వెలుగు జారిపోతుంది, ఈ రంగు మీద నిలుస్తుంది, చెక్కినట్టు నిలుస్తుంది అన్నాడు. ముప్ఫయ్యేళ్ళు ఆ రంగునే పెన్సిలుతో తుడిచిన మనిషి!

"ఇదంతా అదృష్టమే అనుకో. వెలుగు కుదిరినంతమాత్రాన సరిపోదు. ఈవిడ దేనికో సిద్ధపడి కూర్చుందమ్మా. ఆ టైములో పిలిచాడు" అన్నాడు.

ఆ మాట నా మనసులో అలా ఉండిపోయింది.

నలుపు తెలుపు ఫొటోలో ఒక చిత్రం ఉంది. రంగుంటే మన కళ్ళు ముందు చీర మీద పడతాయి. అంచు ఏ రంగు, జాకెట్టు కుదిరిందా, మెళ్ళో ఉన్నది బంగారమా గిల్టా. మన ఆడవాళ్ళ సంగతి మనకి తెలియనిదేముంది! రంగు తీసేస్తే చూడ్డానికి ఇంకేమీ మిగలదు, మనిషిని చూడక తప్పదు. ముడతా, నీడా, కంట్లో వెలుగు చుక్కా. ఆ చుక్క లేకపోతే ఎంత అందమైన మొహమైనా బొమ్మమొహమే అనేవాడు స్టూడియో బాబాయిగారు. అయితే నలుపు తెలుపైనంత మాత్రాన ఫొటో గొప్పదైపోదు, మొదటి ఫొటోయే సాక్ష్యం. అందులో అమ్మ తన మొహాన్ని మనకి చూపిస్తోంది. రెండోదానిలో ఆ సంగతే మరిచిపోయింది.

మరి మరిచిపోయిన క్షణంలో తీసుకోవడం న్యాయమేనా? నా బాధల్లా ఇక్కడే.

1941 డిసెంబరులో ఒట్టావాలో యూసుఫ్ కార్ష్ అనే ఫొటోగ్రాఫరు చర్చిల్ దొరని ఫొటో తీశాడు. దొర నోట్లో చుట్ట. తియ్యమంటే తియ్యడు. కార్ష్ ముందుకెళ్ళి, క్షమించమంటూనే ఆ చుట్ట లాగేసి వచ్చి నొక్కేశాడు. దొర మిర్రిమిర్రి చూశాడు. ఆ చూపే హిట్లర్‌ని ఎదిరించిన చూపని లోకమంతా గోడలకి తగిలించుకుంది. చుట్ట లాక్కుంటే మా ఊళ్ళో తాతయ్యలు కూడా అలాగే చూస్తారు. సరే, ఆయన దేశానికి ప్రధానమంత్రి, పోయింది చుట్టేగా.

పేదరాలి సంగతి వేరు. 1936లో కాలిఫోర్నియాలో బఠాణీ కోతకొచ్చిన కూలీల గుడారం దగ్గర డొరోథియా లాంజ్ ఒక తల్లిని ఫొటో తీసింది. భుజాల మీద మొహాలు దాచుకున్న ఇద్దరు పిల్లలు, ఒళ్ళో చంటిది, గడ్డాన చెయ్యిపెట్టుకుని ఎటో చూసే తల్లి. ముప్ఫైరెండేళ్ళ మనిషి యాభైయేళ్ళదానిలా ఉంటుంది. లోకం మెచ్చిన ఫొటో. పేరైనా అడగలేదని లాంజే రాసుకుంది. ఆ తల్లి పేరు ఫ్లారెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని బయటపడింది 1978లో. అన్నేళ్ళ తర్వాత ఆవిడ అన్నదేమిటంటే, అది తీయకపోతే బాగుండేదని. ఆవిడకి అందులో ఒక్క డాలరు రాలేదు. దరిద్రానికి గుర్తుగా ఊరూరా తన మొహం! తమాషా ఏమిటంటే ఆ ఫొటోలోనూ టచింగు ఉంది. గుడారపు కర్రని పట్టుకున్న ఓ బొటనవేలు మూల అడ్డొచ్చిందని లాంజ్ దాన్ని చెరిపించింది. తల్లి బాధ మాత్రం ఉంచింది.

చిన్నాన్న పాపం అలాంటి మనిషి కాడు. వదిన నవ్వుతుందని పిలిచాడంతే. అమ్మ ఆరోజు ఎందుకు నవ్వలేదో నాకు చాలా ఏళ్ళకి పిన్ని చెప్పింది. ఆ ముందటి శీతాకాలంలో మాకొక చెల్లెలు పుట్టింది. మూడోనెల నిండకుండా జబ్బుచేసింది. పిల్ల బతికితే అమ్మవారికి చీరా సారే పెట్టుకుంటానని అమ్మ మొక్కుకుంది. పిల్ల దక్కలేదు. నాకప్పటికి ఏడేళ్ళు, అమ్మమ్మ గారింటికి పంపేశారు, తిరిగొచ్చేసరికి ఉయ్యాల లేదు. అంతే నాకు గుర్తు. ఫాల్గుణం రాగానే అమ్మ ప్రయాణం కట్టిందట. "అడిగింది ఇవ్వలేదుగా, ఇంక మొక్కేమిటి" అని నాన్నగారంటే, "ఆవిడ మాట ఆవిడది, నా మాట నాది" అందట. ఆ నావలో, ఒళ్ళో సారె మూటతో, అలా వెళుతోంది. ఫొటోలో కింద అంచున కనపడే తెల్లమూట అదే. నేనిన్నేళ్ళూ అదేదో పులిహోర మూటనుకున్నాను.

ఈ సంగతి ఆ పదోనాడు తమ్ముడికి చెప్పాను. వాడికి తెలియదు, అప్పటికి నాలుగేళ్ళవాడు. కాసేపు ఫొటో చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత నెమ్మదిగా, "అందుకే వద్దక్కా" అన్నాడు.

"అదేమిట్రా?"

"హాల్లో తగిలిస్తే వచ్చేపోయేవాళ్ళందరూ చూస్తారు. అమ్మ ఎవరికీ చెప్పుకోని సంగతి. అందుకేగా దాచుకుంది."

"దాచుకుంది. చింపలేదుగా!"

"చింపకపోతే ఒప్పుకున్నట్టా?"

నేను జవాబు చెప్పలేకపోయాను. ఈ మాట అనుకోకుండా రోజు గడవటంలేదు నాకు. మొదటి ఫొటో అమ్మది కాదు, తాతగారిదీ, స్టూడియోవాడిదీ, నల్లపిల్లని ఒప్పుకోని లోకానిదీ అని నా వాదన. అయితే ఆవిడ తన చేత్తో ఫ్రేము కట్టించి పడగ్గదిలో పెట్టుకున్నదీ దాన్నే. తన మొహం ఏదో చెప్పుకునే హక్కు ఆవిడది కాదంటానా?

రాజా దీనదయాళ్ 1892లో హైదరాబాదులో పరదా స్త్రీలకోసం జెనానా స్టూడియో పెట్టించాడు. చుట్టూ ఎత్తుగోడలు, లోపల ఫొటోలు తీసేది ఒక ఆంగ్ల మహిళ. చదివినప్పుడు నవ్వొచ్చింది, కెమెరాకి కూడా ఘోషానా అని. ఇప్పుడనిపిస్తుంది, ఎవరి ఎదుట కూర్చోవాలో, ఎవరు చూడాలో తేల్చుకోగలిగితే మొహం నిబ్బరంగా ఉంటుందేమోనని. ఆ తేల్చింది ఆ ఆడవాళ్ళో, వాళ్ళ మగవాళ్ళో, అది వేరే ప్రశ్న.

చివరికి హాల్లో మొదటి ఫొటోకే దండ పడింది. చుట్టాలందరూ "మహాలక్ష్మిలా ఉండేది" అన్నారు. నేనూ తలూపాను.

రెండోది నేను తెచ్చుకున్నాను. మొన్న పవరుపేటలో పని చూసుకుని దగ్గర్లో ఓ కంప్యూటరు షాపులో పెద్దది చేయించాను. అక్కడి కుర్రాడు చురుకైనవాడు. తెరమీద అమ్మ మొహం ఇంత చేసి, "ఆంటీ, ఈ మచ్చ తీసేస్తాను, కొంచెం ఫెయిర్ చేస్తాను, కలరు కూడా వేసేస్తాను. రెండు నిమిషాలు" అన్నాడు. పాపం, సూదిమొన పెన్సిలు అక్కర్లేదు వాడికి. వద్దన్నాను. "ఏమీ చెయ్యకుండానా?" అన్నాడు ఆశ్చర్యంగా. ఏమీ చెయ్యకుండానే. ప్రింటు తీస్తూ మాత్రం, "ఈ వెనకంతా నీళ్ళేనా ఆంటీ, మన కొల్లేరేనా?" అని అడిగాడు. వాడు పుట్టి బుద్ధెరిగేసరికి చేపలచెరువుల గట్లు లేచాయి, 2006లో ప్రభుత్వం చాలా గట్లు కొట్టించింది, అయినా అంచు కనపడనన్ని నీళ్ళు వాడెప్పుడూ చూసుండడు.

ఫ్రేము కట్టించాను. నా గదిలో, మంచం మీదనుంచి నాకు కనపడేచోట, పనివాడితో మేకు కూడా కొట్టించాను. ఫొటో ఇంకా బీరువా పక్కన గోడవైపు తిప్పి ఉంది. వచ్చేనెల సంవత్సరీకానికి తమ్ముడు వస్తున్నాడు. వాడు పడుకునేదీ ఆ గదిలోనే.