సంతకమూ వేలిముద్రా

వి.కోట నుంచి కె.జి.ఎఫ్.కి పోయే బస్సులో బేతమంగళంలో దిగి, పాలారు ఎక్కడని అడిగితే చెరువు చూపిస్తారు. వాళ్ళు చూపించింది సరైనదే. నంది కొండల దగ్గర పుట్టిన ఈ ఏరు కోలారు జిల్లాలో ఏరుగా కనిపించేది తక్కువ. ఒక చెరువు నిండి మరవ పారితే కింది చెరువుకు, అదీ నిండితే ఆ కిందిదానికి, మెట్లు దిగినట్టు దిగి మన చిత్తూరు సీమలోకి, అక్కణ్నుంచి తమిళనాడులోకి పోతుంది. పోతుందంటే, వానలు పడిన ఏడు. 2021 నవంబరులో పడ్డట్టు పడితే వంతెనలు మునిగేంత నీళ్ళు. పడకపోతే ఇసుక.

ఊరు పాతది. దీని పాత పేరు విజయాదిత్యమంగళం. పదో శతాబ్దంలో నొళంబరాజు ఇరివ నొళంబుడు ఈ చెరువును బాగు చేయించాడని శాసనం చెబుతుంది. చేయించాడు, సరే. చేసిందెవరు? ఈ సీమలో చెరువు పని అంటే వడ్డెరల పని. గడ్డపార, తట్ట, గాడిద, తరతరాలుగా తెలుగు మాట. రాతి మీద రాజు పేరు ఉంది. కట్ట మాత్రం ఎవరి పేరూ లేకుండా వెయ్యేళ్ళుగా నీళ్ళు ఆపుతోంది. ఇది కొత్త ఫిర్యాదేమీ కాదని నాకూ తెలుసు. తాజ్‌మహల్‌కు రాళ్ళెత్తిన కూలీలెవరని శ్రీశ్రీ అడిగిన దగ్గర్నుంచీ తెలుగువాళ్ళం ఆ ప్రశ్న అడుగుతూనే ఉన్నాం. ఎంతగా అడిగామంటే, అది ప్రశ్నలా వినబడడం మానేసింది. నేనూ ఆ ప్రశ్నను జేబులో పెట్టుకునే వచ్చాను. అది కాస్త తిరగబడింది, అందుకే ఇదంతా.

బేతమంగళం చెరువు నీళ్ళు బ్రిటిషువాళ్ళ కాలంలో గొట్టాలెక్కి బంగారు గనుల ఊరు కె.జి.ఎఫ్.కి పోయాయి. నీళ్ళు పోయిన దారినే నేనూ పోయాను. అక్కడ ఊళ్ళ పేర్లు చూడండి: రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట, ఛాంపియన్ రీఫ్స్, కోరమాండల్. పక్కనే రైల్వే జంక్షన్ బంగారపేట. బంగారం ఉన్న చోటికి దారి కాబట్టి బంగారపేట అనుకుంటాం. అసలు అది మైసూరు కమిషనర్‌గా చేసిన బౌరింగ్ పేరున వెలిసిన బౌరింగ్‌పేట. జనం నోట నలిగి బంగారమైంది. దొర పేరును చెరిపేసి తమకు కావలసిన అర్థం రాసుకోవడానికి జనానికి కలమూ కాగితమూ అక్కర్లేకపోయాయి.

గనుల కథ ఎవరిని అడిగినా లావెల్‌తో మొదలుపెడతారు. మైకేల్ ఫిట్జెరాల్డ్ లావెల్, ఐరిష్ సైనికుడు. న్యూజిలాండ్ యుద్ధాల్లో పనిచేసి, అక్కడ బంగారపు వేట చూసి, బెంగళూరు చేరినవాడు. 1871లో ఎడ్లబండి కట్టించుకొని కోలారు వైపు వచ్చాడు. 1875లో మైసూరు ప్రభుత్వం దగ్గర తవ్వకానికి లైసెన్సు సంపాదించాడు. డబ్బు చాలక రెండేళ్ళకే హక్కులు వేరేవాళ్ళకు అప్పగించాడు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ దిగింది. ఆ తర్వాతిది గెలుపు కథ. లావెల్‌కు మిగిలింది బెంగళూరులో ఒక రోడ్డు పేరు.

లావెల్‌ను ఇటు నడిపించింది ఒక పాత వ్యాసం. రాసినవాడు లెఫ్టినెంట్ జాన్ వారెన్. టిప్పు పోయాక, 1802లో, సరిహద్దు సర్వే కోసం వచ్చి, ఇక్కడ మట్టిలో బంగారం ఉందని విన్నాడు. చూపించినవాళ్ళకు బహుమతి అన్నాడు. ఉరిగాం గ్రామస్థులు బండెడు మట్టి తెచ్చి, ఆయన కళ్ళముందే కడిగి, రేణువులు తీసి చూపించారు. మారికుప్పం దగ్గర మనుషులు గోతుల్లోకి దిగి రాళ్ళు కొట్టడం, బుట్టల్లో చేతులు మార్చుకుంటూ పైకి పంపడం, ఆడవాళ్ళు వాటిని బండ మీద పొడి చేసి నీళ్ళలో కడగడం, ఇదంతా వారెన్ చూసి రాశాడు. రాసినందుకు ఆయన కనిపెట్టినవాడయ్యాడు. చూపించినవాళ్ళు గ్రామస్థులు.

అదే కాలంలో ఇదే కోలారు సీమలో, కైవారంలో, గాజులమ్ముకొని బతికిన నారాయణప్ప అనే మనిషి తెలుగులో తత్వాలు కట్టి పాడుతున్నాడు. కైవారం తాతయ్య అంటే ఇప్పటికీ సరిహద్దుకు రెండువైపులా తెలుస్తుంది. ఒకరు మట్టిలో వెతుకుతుంటే ఇంకొకరు మనిషిలో వెతుకుతున్నారని రాయబోయి ఆగాను. అంత నున్నగా వచ్చే వాక్యాన్ని నమ్మకూడదు. మట్టి కడిగే ఆడవాళ్ళు సాయంత్రం ఏ పాట పాడుకున్నారో మనకేం తెలుసు?

సరే, ముందు వచ్చినవాడంటే ఎవడు? ముందు తెలుసుకున్నవాడా, ముందు రాసుకున్నవాడా, ముందు డబ్బు పెట్టినవాడా? లావెల్‌ను తేలిగ్గా కొట్టిపారేయలేను. గ్రామస్థుల గోతులు ఎన్నో అడుగులు దిగలేదు. ఛాంపియన్ రీఫ్ గని చివరికి 3 కిలోమీటర్ల లోతు దాటింది. అంత లోతుకు పోవడానికి యంత్రం కావాలి, పెట్టుబడి కావాలి, కరెంటు కావాలి. కరెంటు కోసం కావేరి మీద శివనసముద్రంలో జలవిద్యుత్ కేంద్రం కట్టి, 1902 జూన్‌లో దాదాపు 150 కిలోమీటర్ల తీగల మీదుగా ఇక్కడికి తెచ్చారు. బెంగళూరు వీధుల్లో కరెంటు దీపం వెలగడానికి ఇంకా మూడేళ్ళు ఉంది. పాలారు నీళ్ళు తాగి, కావేరి కరెంటుతో నడిచిన ఊరిది. సాహసమే, కాదనను. కానీ సాహసం అనే మాట ఎవరికి చెల్లుతుంది? లావెల్ పోగొట్టుకోగలిగింది డబ్బు. అంత లోతున రాతి వేడి 60 డిగ్రీలు దాటుతుంది. బండలు ఉన్నట్టుండి పేలుతాయి. 1940లలో వేలమంది కార్మికులను పరీక్షిస్తే నూటికి నలభై మందికి పైగా ఊపిరితిత్తుల్లో రాతిపొడి జబ్బు, సిలికోసిస్, బయటపడింది.

ఇంతవరకూ నా జేబులో ప్రశ్న సరిపోయింది. సంతకం పెట్టినవాళ్ళ పేర్లు ఊళ్ళకు వచ్చాయి, దిగినవాళ్ళ పేర్లు పోయాయి, వాటిని వెతికి రాయాలి. న్యాయంగా ఉంది కదా?

1930 దగ్గర ఇది తిరగబడింది. ఆ ఏడు గనుల యాజమాన్యం కార్మికులందరి వేలిముద్రలు తీసుకొని రిజిస్టరు చేస్తామంది. ఉత్తర ఆర్కాటు నుంచి, మన చిత్తూరు వైపు నుంచి వచ్చిన, ఎక్కువమంది దళితులైన ఆ కార్మికులు ఒప్పుకోలేదు. వేలమంది పని మానేశారు. మూడు వారాలు గనులు ఆగాయి. యాజమాన్యం వెనక్కి తగ్గింది.

మమ్మల్ని రాయొద్దు అని సమ్మె చేసినవాళ్ళను, అయ్యో మిమ్మల్ని రాయలేదే అని నేను బాధపడుతున్నాను. సంతకం తాను పెట్టేది, వేలిముద్ర ఇంకొకడు అడిగి తీసుకునేది. లావెల్ కాగితం మీదికి ఎక్కింది హక్కు కోసం. వీళ్ళను ఎక్కించాలనుకున్నది అనుమానంతో. రెండూ రికార్డే. మరి ఈనాడు నేను నోటుపుస్తకం తీసి పేరు, ఊరు, కులం, ఎన్నేళ్ళ సర్వీసు అని అడిగితే అది ఏ రకం? నా జాలి వాళ్ళకు అవసరమా, లేక రాసుకునే అలవాటున్నవాడి ఆకలి మాత్రమేనా? మరిచిపోబడడం ఒక అన్యాయమని గట్టిగా నమ్మాను. కొందరికి అది దాక్కునే చోటు కూడా కావచ్చునని ఇప్పుడే తోస్తోంది. అలాగని రాయడం మానేస్తే మళ్ళీ బౌరింగులూ రాబర్ట్‌సన్లే మిగులుతారు. ఈ ముడి నాకు విడలేదు.

గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. నూట ఇరవై ఏళ్ళలో తీసిన బంగారం సుమారు 800 టన్నులు. ఆ బంగారం ఎక్కడెక్కడో ఉంది. దాన్ని కడిగిన మట్టి మాత్రం ఊళ్ళోనే సైనైడు దిబ్బలై నిలబడింది. దూరం నుంచి ఇసుక కొండల్లా అందంగా ఉంటాయి. గాలి లేస్తే ఆ దుమ్ము కార్మికుల లైన్ ఇళ్ళ గిన్నెల్లో పడుతుంది. ఇప్పుడు తెల్లవారకముందే జనం రైళ్ళెక్కి బెంగళూరు పనులకు పోతారు. బెంగళూరు వాడి వదిలిన నీళ్ళు శుద్ధి అయి, 2018 నుంచి, కోలారు చెరువులకు వస్తున్నాయి. ఈ లెక్క ఎవరు ఎవరికి బాకీ అని తేల్చగలిగేది కాదు.

సాయంత్రం మళ్ళీ బేతమంగళం కట్ట మీద కూర్చున్నాను. గేదెను తోలుకుపోతూ ఒక పెద్దాయన ఆగాడు. "యా ఊరు నాయనా?" అన్నాడు. చెప్పాను. ఆయన నందిదుర్గం గనిలో ముప్పై ఏళ్ళు దిగాడట. కుడి చేతి చూపుడువేలు పైకణుపు లేదు. ఎట్లా పోయింది పెద్దాయనా అంటే, "రాయి" అన్నాడు, అంతే. టోకెను నెంబరు అడిగితే తడుముకోకుండా చెప్పాడు. పేరు అడిగితే ఒకసారి నా చేతిలో పుస్తకం వైపు చూసి, పేరూ చెప్పాడు. "రాయొద్దులే నాయనా" అని గేదె వెనక పోయాడు.

రాయలేదు. ఐదున్నరకు వి.కోట బస్సు వచ్చింది.