కడలితల్లి కోవెలలో కైంకర్యము

సాగరము శ్రీమహాలక్ష్మికి పుట్టినిల్లు, శ్రీమన్నారాయణునకు శయనస్థానము. అయినను ఆ సాగరముపైననే బ్రతుకుతెరువు వెదకుకొను నావికునకు అది మృత్యుముఖము కూడ. అందువలననే తీరవాసులు ఒక తల్లి తోడును కోరుకొందురు. అట్టి తల్లికి వెలసిన ప్రాచీనాలయములలో ఒకటి చీనా దేశమున, ఫుజియన్ రాష్ట్రములోని క్వాన్‌జౌ నగరమున కలదు. అందలి శిలలు వైష్ణవుని ముందు ఒక ధర్మసందేహమును నిలుపుచున్నవి.

ఆ దేవత పేరు మాజు. క్రీ.శ. 960లో మెయ్‌జౌ ద్వీపమున జన్మించిన లిన్ మో అను కన్యయే ఈమె యని సంప్రదాయము. తుపానులో చిక్కిన తండ్రిని, సోదరులను ఆమె మగ్గము కడ కూర్చుండియే ధ్యానబలముతో పట్టి నిలిపినదనియు, కదలక మెదలకయున్న బిడ్డను చూచి తల్లడిల్లిన తల్లి తట్టి లేపగా పట్టు సడలి ఒకరు కడలి పాలైరనియు కథ. ఆమె 987లో లోకమును వీడిన పిదప నావికులు ఆమెను తలచి నావ నెక్కసాగిరి. చక్రవర్తులు బిరుదములర్పించి, తుదకు ‘స్వర్గపు మహారాణి’ యని కీర్తించిరి.

క్వాన్‌జౌ ఆలయము 1196లో నగరపు దక్షిణ దిశను, రేవునకు చేరువగా వెలసినది. ముఖద్వారము, దానిని ఆనుకొని దేవికి అభిముఖముగ నాట్యవేదిక, విశాల ప్రాంగణము, ప్రధాన మందిరము, వెనుక శయనమందిరము అందలి ముఖ్య భాగములు. ప్రదర్శనము మొదట దేవికే సమర్పితము. మన రంగమండపములు స్ఫురించును. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వముగ గుర్తించిన క్వాన్‌జౌ స్థలములలో ఇది యొకటి.

శయనమందిరము ముంగిటనున్న రెండు రాతి కంబములు మాత్రము ఒకనాటి హిందూ దేవాలయమునకు చెందినవి. ఆ కాలమున తమిళ వర్తకులు ఆ రేవున నివసించి, తమ దేవతల నర్చించిరి. అందు లభించిన తమిళ శాసనము 1281 నాటిది. విష్ణువిగ్రహమును లభించినది. అదే నగరమందలి కైయువాన్ బౌద్ధాలయపు కంబములపై నృసింహమూర్తి, కృష్ణలీలలు నేటికిని దర్శనమిచ్చుచున్నవి. 14వ శతాబ్ది మధ్యమున చెలరేగిన కల్లోలముల పిదప ఆ వర్తకసమాజము క్షీణించెను, కోవెల కూలెను, శిలలు చెల్లాచెదరయ్యెను.

మన కోవెల కంబము వేరొక దేవత కప్పును మోయుచున్నదే, ఇది అపచారము కాదా? ఆ తల్లి కథ విని మనసు కరిగినచో అనన్యభక్తికి లోపము రాదా?

కూలిన కోవెలకై వగచుట సహజము. ఆ వ్యథను కాదనరాదు. కాని అనన్యభక్తి మన శరణాగతికి గమ్యమును నిర్ణయించును. పరులయందలి కరుణకు కన్నులు మూసికొనుమని శాసింపదు. తిరుక్కోట్టియూరు గోపురమెక్కి, తమకు నరకమైనను సమ్మతమేయని మంత్రరహస్యమును ఎల్లరకు వెల్లడించిన భగవద్రామానుజుల శిష్యకోటిలోని వారము మనము. మునుగువారిని విడువనొల్లని ఒక కన్య హృదయమును గౌరవించుట మనకు పరాయిధర్మ మెట్లగును?

ఇక కంబముల మాట. వానిని నిలిపిన వర్తకులును అలలు దాటి క్షేమముగ ఇల్లు చేరవలెననియే ప్రార్థించియుందురు. నేడవి నిలిచిన చోటను అదే ప్రార్థన వినబడుచున్నది. స్థానము మారినను భారము మోయుట మానలేదు. ఎవరి కప్పని అడుగక మోయుచున్న ఆ రాళ్లను చూచియైనను, వాకిట నిలిచిన ఆపన్నుని కులగోత్రములడుగక ఆదుకొందుముగాక! మన కైంకర్యమును స్వామి తప్పక అంగీకరించును.