బేస్ గిటారు, పెడళ్లు, సంఘము పాట

మన గ్రామ సంఘములలో కొన్నిచోట్ల బేస్ గిటారు మ్రోగుచున్నది. దాని ధ్వనిని మార్చు పెడళ్లను ఆరాధనలో వాడవచ్చునా? వస్తువునందు దోషము లేదు. అది ఎవరికి సేవచేయునో చూడవలెను.

నాలుగు తీగెల బేస్‌లో మిక్కిలి మంద్రమైన తీగె సెకనుకు సుమారు 41 మారులు కంపించును. పునాదిరాయివలె అది మరుగున నుండి పాటను మోయును. కొనదలచిన యెడల మొదట ట్యూనర్ కొనవలెను. శ్రుతి తప్పిన తీగెను ఏ పెడలును కప్పజాలదు. కంప్రెసర్ హెచ్చుతగ్గు స్వరములను సమపరచును. డిస్టార్షన్ గరగర పుట్టించి, తరచుగా మంద్రమును పలుచన చేయును. గనుక శుద్ధధ్వనిని కలుపుకొను బ్లెండ్ మర గలదానిని ఎంచుకొనుట మేలు.

పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయములో వాద్యముల స్పష్టతను దృష్టాంతముగా చూపి, సంఘమునకు కలుగు మేలే కొలత యని బోధించెను. కాబట్టి అందరు పాడుచుండగా పెడలును ఒకమారు ఆపి చూతము. వెనుక వరుసలోని అవ్వ గొంతు అప్పుడు బాగుగా వినబడిన యెడల ఆపియే యుంచుదము. కానుక పెట్టెలో ఆమె కాసును ఉన్నది; దానితో కొన్నది ఆమె పాటను అణచకూడదు.